కౌచ్ టు 5కె: రెండు వీధులకే రొప్పేవాళ్లకి పనికొచ్చే ప్లాన్

పరిగెడదామని షూ కొనేసి, రెండు వీధులు దాటేసరికి నడుం పట్టుకుని రొప్పే బాపతు వాళ్ల కోసమే ఈ కౌచ్ టు 5కె, అంటే సోఫాలో కూర్చునేవాళ్లని మెల్లగా 5 కిలోమీటర్ల పరుగు వైపు తీసుకెళ్లే ప్లాన్. 1996లో జాష్ క్లార్క్ అనే అమెరికన్ తయారుచేశాడు. తొమ్మిది వారాలు, వారానికి మూడు రోజులే, బ్రిటన్‌లో ఉన్నవాళ్లకైతే ఎన్‌హెచ్‌ఎస్ (అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ) యాప్ ఉచితం కూడా.

మొదటి వారం ఐదు నిమిషాలు గబగబా నడిచాక 60 సెకన్లు పరుగు, 90 సెకన్లు నడక, అలా 20 నిమిషాలు. ఓస్ ఇంతేనా అనిపిస్తుంది, కానీ ఊపిరి త్వరగానే కుదురుకున్నా పిక్కలూ మోకాళ్లూ అలవాటుపడటానికి టైం పడుతుంది కాబట్టి మధ్యలో రెస్ట్ రోజులు ఎగ్గొట్టకండి. పక్కవాళ్లతో మాట్లాడగలిగేంత నిదానంగానే పరిగెత్తాలి, మాట తెగిపోతోందంటే స్పీడ్ ఎక్కువైనట్టే.

నాకు నచ్చనిది ఐదో వారం. రెండో రోజు మధ్యలో నడకతో ఎనిమిదేసి నిమిషాలు రెండుసార్లు పరిగెత్తించి, మూడో రోజు ఏకంగా 20 నిమిషాలు ఆగకుండా అంటుంది! నేనైతే నాలుగో వారాన్నే మళ్లీ చేసి ముందుకెళ్లాను, ఎవరూ కేసు పెట్టలేదు. ఇంకోటి, చివర్లో వచ్చేది 30 నిమిషాల పరుగు, కొత్తవాళ్లలో చాలామందికి అందులో 5 కిలోమీటర్లు పూర్తికావు, పేరు చూసి కంగారుపడొద్దు. ఇక్కడి ఎండలకి మాత్రం పొద్దున్న ఏడులోపే ముగించేయండి, ఏప్రిల్, మే నెలల్లో మరీనూ.