దుబాయ్‌కి ఎటు నుంచి వెళ్తే మేలు: హైదరాబాదా, విశాఖా, భువనేశ్వరా?

మన శ్రీకాకుళం జిల్లా నుంచి వెల్డర్లుగా, ఫిట్టర్లుగా, రిగ్గర్లుగా దుబాయ్ వెళ్లే కుర్రాళ్లు ముందు అడిగేది ఎన్ని గంటల ప్రయాణమని. హైదరాబాద్ నుంచి ఆకాశమార్గాన సుమారు 2,550 కిలోమీటర్లు, నాలుగు గంటలు. కానీ మన లెక్క ఇంటి గుమ్మం దగ్గర మొదలవ్వాలి.

అందరూ ముందు చూసేది రైలే. ఆమదాలవలసలో విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, సికింద్రాబాద్‌లో దిగి, పుష్పక్ బస్సులో శంషాబాద్ చేరతారు. రైల్లోనే పదిహేను గంటలు దాటుతుంది. రైలు లేటైతే విమానం ఆగదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు రైళ్ల పరిస్థితి ఏమైందో ఉద్దానం వాళ్లకి చెప్పక్కర్లేదు. అందుకే ఒక రోజు ముందే బయల్దేరాలి. లాడ్జి, తిండి ఖర్చు కలిపితే మిగిలేది పెద్దగా ఉండదు.

విశాఖలో విమానం ఎక్కి హైదరాబాద్‌లో మారితే, శ్రీకాకుళం నుంచి రోడ్డు మీద 110 కిలోమీటర్లు, ఆపైన గంటంపావు విమానం. మధ్యలో ఆగే సమయంతో కలిపి ఇంటి నుంచి పన్నెండు, పదమూడు గంటల్లో దుబాయ్. విమానాలు భోగాపురం కొత్త విమానాశ్రయం నుంచి నడిస్తే రోడ్డు ప్రయాణం ఇంకా తగ్గుతుంది. అయితే రెండు విమానాలూ ఒకే పీఎన్ఆర్ (బుకింగ్ నంబరు) మీద ఉండాలి. విడివిడిగా కొంటే మొదటిది లేటై రెండోది తప్పిపోయినా ఎవరూ పూచీ పడరు. సామానుతోనూ చిక్కే. దేశంలో తిరిగే విమానాల్లో మామూలుగా 15 కిలోలే ఉచితం. తాళ్లతో బిగించిన అట్టపెట్టె, ఆవకాయ డబ్బా, బట్టల బ్యాగు ఆ లెక్కలో ఇమడవు. కౌంటర్ దగ్గర పెట్టె విప్పి ఏది వదిలేయాలో తేల్చుకోవడం కొత్తగా వెళ్లే కుర్రాడికి ఎంత టెన్షనో!

ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వాళ్లకి మాత్రం భువనేశ్వరే వీలు. అక్కడి నుంచి దుబాయ్‌కి నేరు విమానం 2023లో మొదలైంది. దూరం సుమారు 3,150 కిలోమీటర్లు, ఐదు గంటలకు అటూ ఇటూ. మారే పని లేదు. మీకు కావాల్సిన రోజున ఉందో లేదో చూసుకుంటే చాలు.

టికెట్ మీద టైము చూసి కంగారుపడొద్దు. హైదరాబాద్‌లో రాత్రి పదికి ఎక్కితే దుబాయ్‌లో పన్నెండున్నరకి దిగినట్టుంటుంది, ఎందుకంటే అక్కడి గడియారం మనకంటే గంటన్నర వెనక. తిరుగు ప్రయాణం మాత్రం నిజంగానే ఓ అరగంట తక్కువ. పైన పడమటి నుంచి తూర్పుకి వీచే గాలి విమానాన్ని ముందుకు తోస్తుంది. చలికాలంలో ఆ గాలి జోరు ఎక్కువ.

నా మాట అడిగితే, మొదటిసారి వెళ్లేవాళ్లకి శ్రీకాకుళం, నరసన్నపేట వైపు నుంచైతే విశాఖే మేలు, ఖర్చు కాస్త ఎక్కువైనా సరే. సోంపేట, ఇచ్ఛాపురం వైపు నుంచైతే భువనేశ్వర్. ఏజెంటుకి డబ్బు కట్టేముందు టికెట్‌లో పీఎన్ఆర్ ఒకటే ఉందా, సామాను ఎన్ని కిలోలని రాశారో మీ కళ్లతో చూడండి.