ఉదయగిరి గరిటెల అంగడిలో వర్డ్‌ప్రెస్ ప్యాటర్న్‌లు: వాడి చూసిన అనుభవం

మా మేనమామ కుటుంబం నెల్లూరు జిల్లా ఉదయగిరిలో చెక్క గరిటెలు, చెంచాలు, అట్లకాడలు, దువ్వెనలు చేస్తుంది. ఆ సరుకును ఆన్‌లైన్‌లో అమ్మడానికి, వెబ్‌సైట్లు తయారుచేసే సాఫ్ట్‌వేరైన వర్డ్‌ప్రెస్‌తో ఒక చిన్న వెబ్‌సైటు నడుపుతున్నాము. అందులో ప్రతి వస్తువుకూ వివరణ రాసే బాధ్యత నాది. నేను నెల్లూరులో ఉద్యోగం చేసుకుంటూ, సుమారు 100 కిలోమీటర్ల అవతల నుంచి ఫోటోలు వచ్చినప్పుడల్లా రాత్రిపూట కూర్చుని రాసేవాణ్ని కాబట్టి, ఒక పేజీలో చెక్క పేరు ఉంటే పొడవు ఉండేది కాదు, పొడవు ఉన్నచోట కడిగే విధానం ఉండేది కాదు. చివరికి మామే, “అబ్బయా, కొనేవాళ్లందరూ ఫోను చేసి అడిగిందే అడగతా ఉండారు, అదేదో ఒకసారే రాసి పెట్టేయకూడదా” అన్నారు. అప్పటి నుంచి వర్డ్‌ప్రెస్‌లోని ప్యాటర్న్‌ల సదుపాయాన్ని వాడుతున్నాను. తెలుగులో వస్తువుల వివరాలు రాసేవారికి అది ఎంతవరకు పనికివస్తుందో ఈ సమీక్షలో చెబుతాను.

ఒకసారి అమర్చుకున్న శీర్షిక, బొమ్మ, పేరాలు, పట్టిక వంటి వాటి సమూహాన్ని ఒక పేరుతో దాచుకుని, కావలసిన పేజీలో మళ్లీ దించుకోవడమే ప్యాటర్న్. 2018 డిసెంబరులో వచ్చిన 5.0 వెర్షన్‌లో కొత్త ఎడిటర్‌తో పాటు ‘రీయూజబుల్ బ్లాక్స్’ అనే పేరుతో ఈ సదుపాయం మొదలైంది. 2023 ఆగస్టులో 6.3 వెర్షన్ వాటికి ‘సింక్డ్ ప్యాటర్న్స్’ అని పేరు మార్చి, సింక్ చేయని రకాన్ని కూడా మనమే తయారుచేసుకునే వీలు కల్పించింది. సింక్ చేసిన దానిని ఒకచోట మారిస్తే, అది వాడిన ప్రతి పేజీలోనూ మారుతుంది. సింక్ చేయనిది దించిన క్షణం నుంచి ఆ పేజీకే చెందిన విడి ప్రతి అవుతుంది. ఈ రెండింటి తేడాను మనసుకు పట్టించుకున్న తర్వాతే దేనినైనా తయారుచేయాలని నా గట్టి సలహా.

ఆ తేడా తెలియక నేను చేసిన పొరపాటు ఇది. వస్తువు వివరాల భాగం మొత్తాన్నీ సింక్ చేసిన ప్యాటర్న్‌గా పెట్టి, ఒక అట్లకాడ పేజీలో ‘నర్ది’ అన్న చెక్క పేరును ‘బిక్కి’ అని దిద్దాను. మరునాటికి మా అంగడిలోని గరిటెలన్నీ బిక్కి చెక్కవే అయిపోయాయి. చెక్కను బట్టే కొనే ఒక పాత ఖాతాదారు ఫోను చేసి చెప్పేదాకా నాకు తెలియలేదు. చెక్కను ఎంచి, చెక్కి, నునుపు చేసే వారి పనికి సంబంధించిన మొదటి నిజాన్నే తప్పుగా చూపించినందుకు నాకు చాలా బాధ కలిగింది.

2024 జులైలో వచ్చిన 6.6 వెర్షన్ ఈ చిక్కుకు మంచి పరిష్కారం తెచ్చింది. సింక్ చేసిన ప్యాటర్న్‌లోనే ఏ శీర్షిక, ఏ పేరా, ఏ బొమ్మ, ఏ బటన్ పేజీకో విధంగా ఉండవచ్చో ముందుగా గుర్తుపెట్టే వీలు, అంటే ‘ఓవర్‌రైడ్’, అందులో ఉంది. ఇప్పుడు వస్తువు పేరు, చెక్క, పొడవు, బొమ్మ పేజీకి పేజీకి మారుతాయి. గరిటెను నీళ్లలో నానబెట్టకూడదని, కడిగిన వెంటనే తుడిచి నీడన ఆరబెట్టాలని చెప్పే భాగం, పంపిణీ గురించిన భాగం మాత్రం అంతటా ఒక్కటిగానే ఉంటాయి. పంపిణీ నియమం మారినప్పుడు 40 పేజీలు తెరవవలసిన పని తప్పింది. నా మటుకు ఈ ఒక్క లాభం చాలు.

అయితే ప్యాటర్న్‌లు తీర్చలేని ఇబ్బంది ఒకటి మన భాషలోనే ఉంది. మాట మారినప్పుడు విభక్తి దానికి అతుక్కునే తీరు కూడా మారుతుంది. ‘ఈ (ఖాళీ)ను నీళ్లలో నానబెట్టవద్దు’ అనే వాక్యాన్ని నమూనాగా పెట్టుకుంటే, గరిటె, దువ్వెన, చెంచా వచ్చినప్పుడు గరిటెను, దువ్వెనను, చెంచాను అని చక్కగా కుదురుతుంది. పళ్లెం వచ్చేసరికి ‘పళ్లెంను’ అని రాయవలసి వస్తుంది, అక్కడ మన నోరు పలికేది ‘పళ్లేన్ని’. ‘ఆరు చెంచాలు’ వస్తే ‘చెంచాలును’ అని పడుతుంది, మనం అనేది ‘చెంచాలను’. తొలి రోజుల్లో నా పేజీలలో ఇటువంటి వాక్యాలు ఎన్నో దొర్లాయి. అవి చదివినవారికి యంత్రం రాసినట్టు అనిపించడంలో ఆశ్చర్యం లేదు. అందుకే వాక్యం మధ్యలో ఖాళీలు వదలడం పూర్తిగా మానుకున్నాను. ‘వస్తువు’, ‘చెక్క’, ‘పొడవు’ అని ఎడమవైపు పేర్లు, కుడివైపు విభక్తి లేని విడి మాటలు ఉండేలా చిన్న పేరాలనే పట్టికలా అమర్చాను. అన్నిటికీ వర్తించే వాక్యాలలో వస్తువు పేరే రాకుండా ‘చెక్క సామాను’ అనే మాటతో సరిపెట్టాను. తెలుగులో నమూనాలు తయారుచేసేవారు ముందుగా ఈ సంగతి చూసుకుంటే, తర్వాత దిద్దుకునే శ్రమ చాలావరకు తగ్గుతుంది.

ప్యాటర్న్‌లను జేసన్ (JSON) అనే రకం ఫైలుగా బయటికి తీసుకుని మరో వర్డ్‌ప్రెస్ సైటులో ఎక్కించుకోవచ్చు. దీనికోసం విడిగా ప్లగిన్ (అదనంగా చేర్చే చిన్న సాఫ్ట్‌వేరు) గాని, రుసుము గాని అవసరం లేదు. వర్డ్‌ప్రెస్ ఉచిత సాఫ్ట్‌వేరే కాబట్టి మనకు అయ్యేది డొమైన్ (సైటు చిరునామా), హోస్టింగ్ (సైటును ఉంచే సర్వరు చోటు) ఖర్చే.

నా ప్యాటర్న్‌లో ఒక పేరాను మాత్రం కావాలనే ఖాళీగా ఉంచాను. ఆ వస్తువు మీద చేసిన చెక్కడం ఏమిటి, దాని పిడి పట్టుకుంటే చేతికి ఎలా ఉంటుంది అన్నవి అక్కడ రావాలి. వాటిని ఒక గరిటె పేజీ నుంచి ఇంకో గరిటె పేజీకి ఎత్తి రాస్తే, చేతితో చేసిన పనిని అచ్చులో పోసిన సరుకుగా చూపించినట్టే అవుతుంది. కాబట్టి నెలకు ఒకసారి ఉదయగిరి బస్సెక్కి వెళ్లి, వస్తువును చేతిలోకి తీసుకుని, దాన్ని చేసిన అత్తను అడిగి తెలుసుకున్న తర్వాతే ఆ పేరా రాస్తున్నాను.