అమ్మానాన్నలకు మెమరీ టెస్ట్: పరీక్ష బాగా చేశారు, రిపోర్టే బాగోలేదు

గుంటూరులో ఓ న్యూరాలజీ క్లినిక్‌లో అమ్మకూ నాన్నకూ జ్ఞాపకశక్తి పరీక్ష చేయించాను. ఇద్దరికీ పెట్టింది మోకా అనే 30 మార్కుల పరీక్ష. 26, ఆపైన వస్తే నార్మల్ అంటారు.

సైకాలజిస్టు గారికి ఐదు స్టార్లూ ఇస్తాను. ఆవిడ మొదట అడిగింది చదువు గురించి. అమ్మ ఐదో తరగతితో ఆపేసింది. నాన్న ఆర్ అండ్ బీలో ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. ఘనం బొమ్మ చూసి గీయమంటే నాన్న స్కేలు పెట్టినట్టు గీసేశారు. అమ్మ ఒక చదరం గీసి, పక్కన ఇంకోటి గీసి, "వీటిని కలపడం నావల్ల కాదమ్మా" అని పెన్సిల్ పెట్టేసింది. కాసేపయ్యాక ముందు చెప్పిన ఐదు మాటలు అడిగితే మాత్రం ఐదూ గడగడా అప్పజెప్పింది. నాన్నకు రెండే గుర్తొచ్చాయి.

మాటలు గుర్తుపెట్టుకోవడంలో సగటున ఆడవాళ్లు, బొమ్మను మనసులో తిప్పి చూడటంలో సగటున మగవాళ్లు ముందుంటారని ఆవిడ ఓపిగ్గా చెప్పారు. మన దగ్గర ఆ తరం ఆడవాళ్లకు చదువు అందకపోవడం వల్ల మొత్తం మార్కులు ఇంకా తగ్గుతాయట. అలాగని అమ్మకు మాటలన్నీ గుర్తున్నాయని పూర్తిగా నిశ్చింతగా ఉండటానికీ లేదు. మాటల జ్ఞాపకం గట్టిగా ఉన్న ఆడవాళ్లలో అల్జీమర్స్ తొలిదశ ఇలాంటి పరీక్షలకు దొరక్కపోవచ్చట. అందుకే ఎవరి మార్కుల్ని వాళ్ల పాత మార్కులతోనే పోల్చాలని, ఏడాది తర్వాత మళ్లీ రమ్మన్నారు.

ఇంత వివరంగా చెప్పారు కదా, రిపోర్టులో ఇందులో ఒక్క ముక్కా లేదు! అమ్మకు 22, పక్కన ఎర్ర అక్షరాల్లో "తక్కువ". నాన్నకు 26, "నార్మల్". 12 ఏళ్లు, అంతకంటే తక్కువ చదివినవాళ్లకు ఒక మార్కు కలపాలి. అది కలిపారో లేదో కూడా రాయలేదు. వాట్సాప్‌లో ఆ కాగితం చూసి బాబాయి "వదినకు మతిమరుపు మొదలైందా" అని ఫోన్ చేశాడు. అమ్మ ఆ రాత్రి సరిగ్గా అన్నం తినలేదు. నిజానికి కనిపెట్టుకుని ఉండాల్సింది నాన్న మరిచిపోయిన ఆ మూడు మాటల్ని.

కౌంటర్లో గట్టిగా అడిగితే విడివిడి మార్కుల షీటు జిరాక్స్ ఇచ్చారు. అడగందే ఇవ్వరు, మీరు వెళ్తే తప్పకుండా తీసుకోండి. కళ్లజోడు, చెవి మిషన్ వెంట ఉండాలి. పొద్దున స్లాటే మేలు, సాయంత్రమైతే హాల్లో టీవీ మోత లోపలిదాకా వినిపిస్తుంది.