హార్బర్ బోట్ల వాళ్లూ, బ్యాటరీ కొనే ముందు ఇది చదవండి

వేట నిషేధం జూన్ 14తో ముగుస్తుంది. దానికి ముందు రోజుల్లో విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో వలల పని, ఇంజను పనితో పాటు బ్యాటరీల బేరాలూ జోరుగా సాగుతాయి. ఆ హడావిడిలోనే మా అన్నయ్య బోటుకి పాత బ్యాటరీని కొత్తదని అంటగట్టారు. 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే ఎన్ని ఆంపియర్లు ఎన్ని గంటలు ఇస్తుందో చెప్పే లెక్క) స్టిక్కరు, వారంటీ కార్డు అన్నీ ఉన్నాయి. కొట్లో మీటరు పెట్టి 12.7 వోల్టులు చూపించారు కూడా. వేటకెళ్లిన తొలి రాత్రే వైర్‌లెస్ మూగబోయింది, జీపీఎస్ ఆరిపోయింది. దగ్గర్లో తెలిసినవాళ్ల బోటు ఉండబట్టి సరిపోయింది.

దయచేసి వోల్టేజీ చూసి డబ్బులివ్వకండి. లోడు లేనప్పుడు లెడ్ యాసిడ్ బ్యాటరీ వోల్టేజీ యాసిడ్ గాఢతను బట్టి ఉంటుంది. లోపల ప్లేట్లు పాడైపోయినా, చిక్కటి యాసిడ్ పోసి చార్జి పెడితే మీటరు నిక్షేపంగా 12.7 చూపిస్తుంది. యాసిడ్ గాఢత కొలిచే హైడ్రోమీటరూ అంతే, దాన్ని ఏమార్చడం ఇంకా తేలిక. కొట్లో కొన్ని సెకన్లు పెట్టే లోడ్ టెస్టరుతో ఇంజను స్టార్టవుతుందో లేదో తెలుస్తుంది గానీ, రాత్రంతా లైట్లూ, నీటి లోతు చూపే ఎకో సౌండరూ నడుస్తాయో లేదో తెలియదు.

అది తేల్చడానికే ఇంట్లో ఒక టెస్టరు కట్టాను. మామూలుగా 100 ఏహెచ్ అంటే సీ20 లెక్క: 5 ఆంపియర్ల చొప్పున 20 గంటలు వాడితే, అప్పటికి గానీ వోల్టేజీ 10.5కి దిగకూడదు. కారు హెడ్‌లైట్‌లో వాడే 55 వాట్ల బల్బు దాదాపు అంతే కరెంటు లాగుతుంది. ప్లస్ టెర్మినల్ పక్కనే 10 ఆంపియర్ల ఫ్యూజు, తర్వాత 10.5 దగ్గర ఆపేసే లో వోల్టేజ్ కటాఫ్ బోర్డు, దాని తర్వాత బల్బు. బల్బుకి సమాంతరంగా ఎన్ని గంటలు నడిచిందో లెక్కపెట్టే, జనరేటర్లకు వాడే 12 వోల్టుల అవర్ మీటరు. బోర్డు కట్ చేయగానే బల్బుతో పాటు మీటరూ ఆగిపోతుంది కాబట్టి రాత్రంతా కాపలా కాయక్కర్లేదు. కరెంటు కొలవడానికి, వైరు చుట్టూ పట్టించే డీసీ క్లాంప్ మీటరు మేలు. చవక మల్టీమీటర్లలో 10 ఆంపియర్ల సాకెట్ కొన్ని సెకన్ల వాడకానికే. బల్బు విపరీతంగా వేడెక్కుతుంది, టైలు మీద పెట్టండి. గాలి ఆడే చోటే చేయండి, చార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది.

అన్నయ్య బ్యాటరీని పూర్తిగా చార్జి చేసి పెట్టాను. బల్బు సగటున 4.4 ఆంపియర్లు లాగింది. అవర్ మీటరు 8.2 గంటల దగ్గర ఆగింది. రెండూ గుణిస్తే 36 ఏహెచ్. కొత్త బ్యాటరీ మొదటి ఒకటి రెండు సార్లు కొంచెం తక్కువ ఇవ్వొచ్చు, ఓ పదిహేను శాతం వరకు సర్దుకోవచ్చు. సగం కూడా రాకపోతే అది కొత్తది ఎలా అవుతుంది?

అప్పుడు అనుమానం వచ్చి స్టిక్కరు అంచు గోటితో లేపి చూస్తే, కింద ఇంకో స్టిక్కరు జిగురు! మూత మీద తయారీ తేదీ కోడు ఉండాల్సిన చోట ప్లాస్టిక్ కరిగించి నున్నగా చేసేశారు. టెర్మినల్స్ మీద గ్రీజు తుడిస్తే పాత క్లాంపుల గీతలు. ఈ మూడూ కొట్లోనే చూడొచ్చు, రెండు నిమిషాల పని. బరువు కూడా తూయించండి, కంపెనీ చెప్పిన బరువుకంటే బాగా తక్కువుంటే సీసం తక్కువున్నట్టే.

కొట్టతను మాత్రం "ఉప్పుగాలికి పోయుంటుంది" అని చేతులు దులిపేసుకున్నాడు. ఒక్క రాత్రి ఉప్పుగాలికి ప్లేట్లు పోవు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాం. బిల్లు మీద బ్యాటరీ సీరియల్ నంబరు రాయించుకోవడం అక్కడ బాగా పనికొచ్చింది.

మీరూ సీరియల్ నంబరుతో బిల్లు తీసుకోండి. టెస్టులో కెపాసిటీ రాకపోతే వెనక్కి తీసుకుంటామని దాని మీదే రాయించండి. రాయనంటే ఇంకో కొట్టుకి వెళ్లండి. టెస్టు అయిన వెంటనే మాత్రం మళ్లీ ఫుల్ చార్జి పెట్టండి. ఖాళీగా వదిలేస్తే మంచి బ్యాటరీ కూడా సల్ఫేట్ పట్టి పాడైపోతుంది.