చతురస్రం గీయాలంటే: కోణమానినా, మూలమట్టమా, కంపాసా?

మా అమ్మాయి ఆరో తరగతి. మొన్న లెక్కల నోట్‌బుక్‌లో తను గీసిన ఆరు సెంటీమీటర్ల చతురస్రం మీద ఎర్ర ఇంకు పడింది. "నాలుగు పక్కలా ఆరే పెట్టాను కదా నాన్నా, ఇంకేం కావాలట?" అని గొడవ. స్కేలు పెట్టి చూశాను. నిజంగానే నాలుగూ ఆరే. కానీ బొమ్మ మాత్రం కోళ్లు వదులైన నులకమంచంలా ఓ పక్కకి ఒరిగి ఉంది. కర్ణాలు కొలవమన్నాను. ఒకటి 8.6, రెండోది 8.4. ఆరు సెంటీమీటర్ల చతురస్రానికి రెండూ ఒకటే రావాలి, దాదాపు ఎనిమిదిన్నర.

చతురస్రంలో అసలు చిక్కు భుజాల దగ్గర ఉండదు, మూల దగ్గర ఉంటుంది. పొడవు స్కేలు ఇచ్చేస్తుంది. లంబం ఎవరిస్తారు? జామెట్రీ బాక్సులో దానికి మూడు దారులున్నాయి: కోణమానిని, మూలమట్టం, వృత్తలేఖిని. పిల్లల నోట్లో చివరిది కంపాసే, నేనూ అలాగే అంటాను.

మా అమ్మాయి వాడింది కోణమానిని. పిల్లలందరి చెయ్యీ ముందు దాని మీదకే పోతుంది, ఎందుకంటే 90 అని దాని మీద రాసే ఉంటుంది. సున్నా గీతని కాకుండా ప్లాస్టిక్ అంచునే గీత మీద ఆనించడం పిల్లలు మామూలుగా చేసే పొరపాటు. అరవైకో నలభైకో అది కొంప ముంచుతుంది గానీ, తొంభైకి మాత్రం ఏమీ కాదు. మొత్తం పరికరం నిటారుగా పైకి జరిగినట్టే కాబట్టి 90 చుక్క శీర్షానికి నేరుగా పైనే పడుతుంది. అసలు ప్రమాదం పక్కకి జరగడం. మధ్య బిందువు శీర్షం మీద కాకుండా ఒక్క మిల్లీమీటరు పక్కన కూర్చుంటే, ఐదు సెంటీమీటర్ల ఎత్తున పెట్టిన చుక్కతో కోణం ఒక డిగ్రీకి పైనే తప్పుతుంది. ఒక డిగ్రీ ఎంతలే అనుకుంటాం. రెండు నిలువు గీతలూ ఒకే పక్కకి అంత ఒరిగితే ఆరు సెంటీమీటర్ల బొమ్మలో కర్ణాల మధ్య ఒకటిన్నర మిల్లీమీటర్ల తేడా వస్తుంది. అదే పది అడుగుల గోడ అయితే అవతలి చివర రెండంగుళాలు పక్కకి పోతుంది.

గోడ అంటే గుర్తొచ్చింది. పోయినేడు మేడ మీద గది వేయించినప్పుడు మేస్త్రి దగ్గర కోణమానిని ఏమీ లేదు. ఇనుప మూలమట్టం ఒకటి ఉంది, టేపు ఉంది. బాక్సులో ఉన్న ప్లాస్టిక్ దానికీ మేస్త్రి చేతిలోని ఇనుప దానికీ పేరొక్కటే, పనీ ఒక్కటే. కానీ బాక్సులో పిల్లలు అసలు ముట్టుకోనివి ఈ రెండు మూలమట్టాలే. ఒకటి 45, 45, 90. రెండోది 30, 60, 90. సంవత్సరం చివరికి కూడా అవి కొత్తగానే ఉంటాయి.

నన్నడిగితే రోజువారీ హోంవర్కుకి వీటిని మించింది లేదు. అడుగు గీత వెంట స్కేలు పెట్టి ఎడమ చేత్తో గట్టిగా నొక్కాలి. మూలమట్టం ఒక అంచుని స్కేలుకి ఆనించి శీర్షం దాకా జరపాలి. నిలువు అంచు వెంట పెన్సిల్ లాగితే లంబం వచ్చేసినట్టే. అక్కడే ఇంకొంచెం జరిపి రెండో మూల దగ్గర లాగితే రెండో నిలువు గీత, మొదటి దానికి సమాంతరంగా. అర నిమిషం పని. మూల విరిగిపోయిన మూలమట్టం కూడా పనికొస్తుంది, కింద మిగిలిన కాస్త ఖాళీని స్కేలుతో కలుపుకుంటే సరి. మూలమట్టమే తప్పేమో అని అనుమానం వస్తే తిరగేసి అదే బిందువు దగ్గర ఇంకో గీత లాగి చూడండి. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయా, మంచిది. విడిపోయాయా, ఆ ఎడం అసలు తప్పుకి రెట్టింపు.

మరి లోపం ఏంటి? పిల్లకి బొమ్మ వస్తుంది, లంబం ఎందుకొచ్చిందో తెలియదు. ఫ్యాక్టరీలో ఎవరో చేసిపెట్టిన తొంభైని మనం నకలు తీస్తున్నాం, అంతే. కోణమానినిదీ ఇదే కథ, పైగా తప్పు ఎక్కువ.

కంపాసు అలా కాదు. దానికి తొంభై అంటే ఏంటో తెలియదు. ఉన్నదల్లా ఒకటే దూరం. ఆ ఒక్క దూరంతో లంబం పుట్టించాలి, అక్కడే ఉంది మజా. ఆ సాయంత్రం మేం చేసింది ఇది. ఏబీ ఆరు సెంటీమీటర్ల అడుగు గీత. కంపాసు ఆరుకి తెరిచాం, ఇక చివరి దాకా ముట్టుకోలేదు. ఏ దగ్గర ముల్లు గుచ్చి, బీ నుంచి మొదలుపెట్టి పెద్ద చాపం. బీ దగ్గర గుచ్చి ఆ చాపాన్ని ఒకచోట కోశాం, అది పీ. పీ నుంచి మళ్లీ కోస్తే క్యూ. అంటే ఏ దగ్గర అరవై, దాని పక్కన నూట ఇరవై. తొంభై ఆ రెండింటికీ సరిగ్గా మధ్యలో ఉంది. పీ నుంచి ఒకటి, క్యూ నుంచి ఒకటి పైకి చాపాలు గీస్తే అవి కలిసిన చోటు ఏకి నేరుగా పైన. స్కేలుతో కలిపితే లంబం. ఆ గీత పెద్ద చాపాన్ని తాకిన చోటే డీ, దూరం కొలవక్కర్లేదు, ఆరే. ఇక బీ నుంచి, డీ నుంచి చెరో చాపం. కలిసింది సీ. మొత్తం ఏడు చాపాలు, ఒకే తెరుపు. ఒక్క హెచ్చరిక: పై చాపాలు అడుగు గీతకి దాదాపు పదిన్నర సెంటీమీటర్ల ఎత్తున కలుస్తాయి, పేజీ మధ్యలో మొదలుపెడితే చోటు చాలదు.

కంపాసుకి ఉన్న జబ్బు వదులు కీలు. బాక్సుతో వచ్చేవాటిలో సగం, గీస్తూండగానే మెల్లగా తెరుచుకుంటాయి. స్క్రూ బిగించి, పెన్సిల్ చెక్కి, కాగితం కింద ఇంకో నాలుగు పేజీలు మెత్తగా ఉంచి, పైనున్న పిడిని రెండు వేళ్లతో తిప్పాలి. కాళ్లు పట్టుకుని తిప్పే పిల్లలకి వృత్తం మొదలైన చోట ముగియదు.

దీర్ఘచతురస్రానికైతే నా ఓటు మేస్త్రి పద్ధతికే. మూల నుంచి ఒక గోడ వెంట మూడడుగులు, రెండో గోడ వెంట నాలుగు, అడ్డంగా టేపు ఐదు చూపించాలి. చూపిస్తే మూల సరి. ఇది ఇవాళ్టిది కాదు. యజ్ఞవేదికల కొలతలు చెప్పే ప్రాచీన గ్రంథం ఆపస్తంబ శుల్బసూత్రంలో, మహావేది అనే పెద్ద వేదికకి తూర్పు పడమరలుగా 36 ప్రక్రమాల (అంగల) గీత గీసి, తాడుతో 15, 36, 39 త్రిభుజం లాగి మూల తీస్తారు. నోట్‌బుక్‌లో అదే కిటుకు: 8 సెంటీమీటర్ల అడుగు గీత, ఒక చివర నుంచి 6 చాపం, రెండో చివర నుంచి 10 చాపం. కలిసిన చోటు మూడో మూల. అన్ని కొలతలకీ ఇలా చక్కటి అంకెలు రావనేది వేరే సంగతి. కొలతలు ఇవ్వకపోతే ఇంకా సుళువు. ఏదైనా వృత్తంలో రెండు వ్యాసాలు మీ ఇష్టం వచ్చినట్టు గీసి నాలుగు కొనలూ కలపండి, దీర్ఘచతురస్రమే వస్తుంది. వ్యాసాలు లంబంగా ఉంటే చతురస్రం.

వృత్తం సంగతికొస్తే పోటీ లేదు, కంపాసే. గాజు చుట్టూ పెన్సిల్ తిప్పితే వృత్తం వస్తుంది గానీ కేంద్రం రాదు. రాబట్టొచ్చు, అది మంచి ఆట. తెల్లకాగితం మూలని వృత్తం మీద ఆనిస్తే రెండు అంచులూ వృత్తాన్ని ఇంకో రెండు చోట్ల కోస్తాయి, ఆ రెండూ కలిపితే వ్యాసం. ఇంకోచోట ఆనించి మరో వ్యాసం గీస్తే, రెండూ కోసుకున్న చోటు కేంద్రం.

కంప్యూటర్‌లో బొమ్మలు గీసే జియోజీబ్రా అనే ప్రోగ్రాం 2001లో మొదలైంది, ఉచితం. దాన్ని చివరికి ఉంచుతాను. కానీ ఒక పరీక్ష దానితోనే సాధ్యం: ఒక మూల పట్టుకుని లాగడం. కొలిచి అతికించిన బొమ్మ చెదిరిపోతుంది, నిర్మించిన చతురస్రం పెరిగినా తగ్గినా చతురస్రంగానే ఉంటుంది. కాగితం మీద అలా లాగలేం కాబట్టి మాకు కర్ణాలే గతి.

కంపాసుతో గీసిన చతురస్రం కర్ణాలు మా అమ్మాయి కొలిచింది. రెండూ ఎనిమిదిన్నరకి ఒక వెంట్రుక లోపల. తర్వాత రబ్బరు తీసి "ఈ చాపాలన్నీ చెరిపేస్తా నాన్నా, నీట్‌గా ఉంటుంది" అంది.

"వద్దు తల్లీ, మార్కులు వాటికే" అన్నాను.