పికప్‌కి సైడ్ స్టెప్ వేయిస్తున్నారా? ముందు బ్రాకెట్ ఎక్కడ బిగిస్తున్నారో చూడండి

వీ-క్రాస్, హైలక్స్ లాంటి పికప్‌లు ఉన్నవాళ్ళూ, కొనబోతున్నవాళ్ళూ దయచేసి ఇది చదవండి. సైడ్ స్టెప్ బార్ కొనేటప్పుడు అందరం పైపు లావు చూస్తాం, మెరుపు చూస్తాం. అసలు చూడాల్సింది కింద బ్రాకెట్ దేనికి బిగిస్తున్నారన్నది. చాసీకా (అంటే బండి కింద ఉండే ఇనప ఫ్రేముకా), క్యాబిన్ రేకుకా? మా అక్కావాళ్ళని షాపువాడు మోసం చేసింది సరిగ్గా అక్కడే.

అక్కావాళ్ళది ఆకివీడు దగ్గర, రొయ్యల చెరువుల ఊరు. బండి ఇసుజు వీ-క్రాస్, మన శ్రీసిటీలో తయారయ్యేదే. ఎత్తు బండి కదా, మోకాళ్ళ నొప్పులతో అక్కావాళ్ళ అత్తగారు ఎక్కలేకపోతున్నారని బావగారు సైడ్ స్టెప్‌లు వేయించారు. "304 స్టీలండి, కంపెనీ ఐటమే, తుప్పన్న మాటే ఉండదు" అని 14 వేలు తీసుకున్నారు. 304 అంటే తొందరగా తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ స్టీలు రకం. బిల్లు అడిగితే విజిటింగ్ కార్డు వెనక రాసిచ్చారు. వానాకాలం ఇంకా అవ్వనేలేదు, పెద్దావిడ కాలు పెట్టగానే బార్ ముందు కొస కిందికి తిరిగిపోయింది. మోకాలి కింద చీరుకుపోయి కుట్లు పడ్డాయి. ఆవిడకి షుగర్ కూడా ఉంది, ఆ పుండు మానేదాకా ఇంటిల్లిపాదికీ నిద్రలేదు.

నేను బండి కిందకి దూరి చూశాను. ఒక్కో వైపు రెండే బ్రాకెట్లు. వెనకది చాసీకి పట్టించారు. ముందుది మాత్రం డోరు కింద రేకుకి డ్రిల్లు వేసి బిగించేశారు. వెనకాల పెద్ద వాషరన్నా వేయలేదు. బోల్టు రేకుని చీల్చుకుని బయటికి వచ్చేసింది. డ్రిల్లు వేసిన చోట రంగు లేదు, ప్రైమర్ లేదు. చుట్టూ గోరుతో గీకితే ఎర్రగా పొడి రాలుతోంది. కొత్త బండండీ అది.

ఈ పికప్‌లలో చాసీ వేరు, దాని మీద కూర్చునే క్యాబిన్ వేరు. మధ్యలో రబ్బరు బుష్‌లుంటాయి. చెరువుగట్ల మీద, గతుకుల్లో రెండూ ఒక్కలా కదలవు. బార్ ఒక కొస దీనికీ, ఇంకో కొస దానికీ బిగిస్తే ఆ కదలికంతా బోల్టు మీదా, పల్చటి రేకు మీదా పడుతుంది. ఎంత ఖరీదైన పైపు వేసినా అది నిలవదు. మీ మోడల్ కోసమే చేసిన బ్రాకెట్లు, చాసీకి కంపెనీ ముందే ఇచ్చిన రంధ్రాల్లోనే కూర్చోవాలి. "చిన్న డ్రిల్లు వేస్తే సరిపోతుందండి" అన్నాడంటే బండి తీసుకుని వచ్చేయండి. చాసీకి కూడా డ్రిల్లు పెట్టనివ్వకండి, దాని లోపలివైపు నుంచే బ్రేకు పైపులు, డీజిల్ పైపులు, వైరింగ్ వెళ్తుంటాయి.

ఇక స్టీలు సంగతి. అయస్కాంతం పెట్టి "చూశారా, అంటుకోలేదు, 304" అంటారు. 202 అనే నాసి రకం స్టెయిన్‌లెస్ స్టీలు కూడా అంటుకోదండీ! అందులో నికెల్ తక్కువ, మాంగనీస్ ఎక్కువ, మన ఉప్పుగాలికి తొందరగా మచ్చలు పడిపోతుంది. మామూలు ఇనుము మీద క్రోమ్ పూత పూసి అమ్ముతుంటే పట్టుకోవడానికే అయస్కాంతం పనికొస్తుంది. పాత స్టీలు కొనే వ్యాపారుల దగ్గర టెస్టింగ్ లిక్విడ్ ఉంటుంది. చుక్క వేసి చిన్న బ్యాటరీ ఆనిస్తే 202 ఎర్రగా తిరుగుతుంది. నన్నడిగితే మాత్రం, మందమైన ఇనప పైపుకి మంచి పౌడర్ కోటింగ్ వేసినదే తీసుకోమంటాను. బార్ స్టీలుదైనా బ్రాకెట్లకి నల్ల రంగు కొట్టిన ఇనుమే వేస్తారు, ముందు తుప్పు పట్టేవి అవే. బోల్టు తల మీద 8.8 అని (అది బోల్టు గట్టిదనాన్ని చెప్పే గుర్తు) అచ్చు ఉందో లేదో కూడా చూసుకోండి.

కాలు పెట్టే చోట గరుకుగా, వెడల్పుగా ఉండాలి. తడి చెప్పులతో నున్నటి గుండ్రటి పైపు మీద పెద్దవాళ్ళు నిలబడలేరు. మరీ కిందికి వేలాడేది వద్దు, గట్టు ఎక్కేటప్పుడు నేలకి తగులుతుంది. యాక్సిడెంట్‌లో డోర్లని కాపాడుతుందని కూడా చెబుతారు, అసలు నమ్మకండి. అది కాలు పెట్టి ఎక్కడానికే.

షాపుకి వెళితే "ఓవర్‌లోడ్ చేశారు" అన్నారు. ఒక పెద్దావిడ కాలు పెట్టడం ఓవర్‌లోడా? బావగారు డబ్బు యూపీఐలో పంపారు కాబట్టి ఆ రసీదు, ఫొటోలు, ఆసుపత్రి కాగితాలు అన్నీ జతచేసి ఫిర్యాదుకి సిద్ధం చేశాం. వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు ఉండదు. మీరు మాత్రం జీఎస్టీ బిల్లు మీద మెటీరియల్ రకం రాయించుకోకుండా డబ్బు ఇవ్వకండి.

ఇప్పటికే వేయించుకున్నవాళ్ళు ఈ వారంలోనే కిందకి వంగి టార్చితో చూడండి. బోల్టు డోరు కింద రేకులోకి వెళ్ళినట్టు కనిపిస్తే ఆ స్టెప్ మీద ఎవర్నీ ఎక్కనివ్వకండి. విప్పించి, తుప్పు గీకించి, ఆ రంధ్రం ప్రైమర్ వేయించి మూయించండి.