అమెరికా కంపెనీ ఆరోగ్య బీమాలో మందుల ఖర్చు: ఏళ్ల తరబడి వాడాక నా అంచనా

న్యూజెర్సీకి వచ్చినప్పటి నుంచి మా ఇంటి మందులన్నీ కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా మీదే తీసుకుంటున్నాం. మావారికి మధుమేహం, కొలెస్టరాల్ ఉన్నాయి. మా చిన్నవాడికి ఉబ్బసం. నాకు రుమటాయిడ్ కీళ్లవాతం. నాలుగు డాలర్ల మాత్ర మొదలుకొని వేల డాలర్ల ఇంజెక్షన్ వరకు అన్నీ ఒకే కార్డు మీద కొన్న అనుభవంతో రాస్తున్నాను, కాబట్టి నా తీర్పు ముందే చెప్పేస్తాను. చౌక జనరిక్ మందులకు ఈ బీమా పెద్దగా అక్కరలేదు. అతి ఖరీదైన మందులకు ఇది లేకపోతే సంసారం నిలబడదు. నడుమ ఉండే బ్రాండు మందుల దగ్గరే ఇది చేతులెత్తేస్తుంది. కొత్తగా ఉద్యోగంలో చేరిన మన పిల్లలు జీతంలో ఎంత కోత పడుతుందో చూసి ప్లాన్ ఎంచుకుంటారు. ఇంట్లో ఎవరు ఏ మందు వాడుతున్నారో చూసి ఎంచుకోవాలని నా గట్టి అభిప్రాయం.

మా కంపెనీ రెండు ప్లాన్లు ఇస్తుంది, రెండూ వాడాను. మొదటిది పీపీఓ అనే రకం ప్లాన్. ఇందులో కోత ఎక్కువ గానీ మందులకు జనవరి 1 నుంచే కోపే, అంటే ప్రతిసారీ మనం కట్టే స్థిరమైన మొత్తం, వర్తిస్తుంది. జనరిక్ అయితే నెలకు 10 డాలర్లు, ప్లాన్ మొగ్గు చూపే బ్రాండు అయితే 40, మిగతా బ్రాండ్లు 75. స్పెషాలిటీ మందులకు, అంటే అతి ఖరీదైనవాటికి, ధరలో 20 శాతం కట్టాలి, అదీ నెలకు 200 డాలర్లు దాటకుండా. రెండోది హై డిడక్టిబుల్ ప్లాన్. కోత తక్కువే, కానీ కుటుంబం సొంత డబ్బు 3,500 డాలర్లు ఖర్చయ్యాకే బీమా వాటా మొదలవుతుంది. ఆ మొత్తాన్నే డిడక్టిబుల్ అంటారు. దీనితో హెచ్‌ఎస్‌ఏ అనే వైద్య ఖర్చుల పొదుపు ఖాతా తెరుచుకోవచ్చు. కుటుంబం పన్ను లేకుండా అందులో వేసుకునే పరిమితి 2025లో 8,550 డాలర్లుగా ఉండేది, వాడనిది మరుసటి ఏడాదికి అలాగే ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న యువ జంటకు ఇది నిజంగా మంచి బేరం. నెలనెలా మందులు వాడేవాళ్ల లెక్క వేరు.

ముందు చౌక మందుల సంగతి. మావారు మధుమేహానికి మెట్‌ఫార్మిన్, కొలెస్టరాల్‌కు అటార్వాస్టాటిన్ వాడతారు. మా కార్డు మీద ఒక్కో మందుకు నెలకు 10 డాలర్లు. వాల్‌మార్ట్ 2006లో మొదలుపెట్టిన చౌక జాబితాలో మెట్‌ఫార్మిన్ నెలకు 4 డాలర్లు, మూడు నెలలకు 10. ఇలాంటి మందులకు ఫార్మసీలో మొదట అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: బీమా లేకుండా ఎంత? ఒకప్పుడు ఫార్మసిస్టు ఆ మాట చెప్పకుండా ఒప్పందాల్లో నోరు కట్టేసే షరతులు ఉండేవి. 2018 అక్టోబరులో వచ్చిన చట్టాలు వాటిని తొలగించాయి. ఇప్పుడు అడిగితే చెబుతారు, అడగకపోతే చాలాచోట్ల చెప్పరు. వ్యాపారవేత్త మార్క్ క్యూబన్ 2022లో తెరిచిన ఆన్‌లైన్ ఫార్మసీ కాస్ట్ ప్లస్ డ్రగ్స్ అయితే కొనుగోలు ధర మీద 15 శాతం, ఫార్మసీ పనికి 5 డాలర్లు, పంపే ఖర్చు వేసుకుని ఆ లెక్కంతా తెరిచి చూపిస్తుంది. ఒక్క జాగ్రత్త: ఇలా నేరుగా కొన్న డబ్బు మామూలుగా డిడక్టిబుల్‌లో జమ కాదు. ఆ ఏడాది పెద్ద ఖర్చు ఎలాగూ తప్పదని తెలిస్తే కార్డు మీదే కొనడం లాభం. ఎక్కడ కొన్నా వీలైనంతవరకు అన్ని మందులూ ఒకే ఫార్మసీలో తీసుకోండి. ఒక మందుకు మరో మందు పడకపోతే పట్టుకునేది వాళ్లే.

జనరిక్ అనగానే ముఖం చిట్లించేవాళ్లు మనలో ఇంకా ఉన్నారు. మా వంటగదిలో ఉన్న మెట్‌ఫార్మిన్ సీసా చీటీ మీద తయారీదారు పేరు అరబిందో ఫార్మా, హైదరాబాద్. పంపిణీ ఈస్ట్ విండ్సర్, న్యూజెర్సీ. అమెరికాలో ఇచ్చే ప్రతి పది ప్రిస్క్రిప్షన్లలో తొమ్మిది జనరిక్‌లే. డాక్టర్ రెడ్డీస్, హెటిరో వంటి మన కంపెనీల మాత్రలు ఇక్కడి అరల్లో నిత్యం కనిపిస్తాయి. నాణ్యత మీద బెంగతో బ్రాండు అడిగి నెలకు 75 డాలర్లు వదులుకోవాల్సిన పని లేదు.

ఇక నడుమ మందులు. మావారికి డాక్టరు మధుమేహానికే ఎంపాగ్లిఫ్లోజిన్ కూడా రాశారు. ఇక్కడ అది జార్డియన్స్ అనే బ్రాండుగా మాత్రమే దొరుకుతుంది, జనరిక్ లేదు. తయారీదారు ప్రకటించిన జాబితా ధర 2025లో నెలకు 600 డాలర్ల పైమాటే. పీపీఓలో ఉన్నప్పుడు 40 డాలర్లు కట్టి తెచ్చుకునేవాళ్లం. హై డిడక్టిబుల్ ప్లాన్‌లోకి మారిన ఏడాది జనవరి నుంచి వేసవి దాకా దాదాపు పూర్తి ధర మేమే కట్టాం. ఇక్కడ కొనేవాడికి కనిపించని కిటుకు ఒకటుంది. బ్రాండు మందుల మీద తయారీదారు బీమా పక్షానికి రిబేటు, అంటే ధరలో కొంత తిరిగి, ఇస్తాడు. అది తర్వాత ఎప్పుడో వాళ్ల మధ్య సర్దుబాటవుతుంది. డిడక్టిబుల్ తీరని మనిషి మాత్రం కౌంటరు దగ్గర రిబేటు తీయని ధర కడతాడు. జబ్బుపడినవాళ్ల మీద ఎక్కువ భారం మోపే ఈ పద్ధతి అన్యాయమని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఇదే మందుకు భారతదేశంలో 2025 మార్చిలో పేటెంటు గడువు తీరింది. వెంటనే జనరిక్‌లు వచ్చి ధర నేలకు దిగింది.

దీనికి చట్టంలో ఒక వెసులుబాటు ఉంది, చాలామందికి తెలియదు. 2019 జులైలో అమెరికా పన్నుల శాఖ ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం మధుమేహం, ఉబ్బసం, గుండె జబ్బు వంటి దీర్ఘవ్యాధుల మందులు కొన్నింటిని డిడక్టిబుల్‌తో పని లేకుండా ప్లాన్ ఇవ్వవచ్చు. ఇన్సులిన్, చక్కెర తగ్గించే మందులు, కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్లు, పీల్చే స్టెరాయిడ్లు అందులో ఉన్నాయి. కానీ ఇవ్వాలని బలవంతం లేదు, కంపెనీ ఇష్టం. డిడక్టిబుల్‌తో పని లేకుండా ఇచ్చే మా ప్లాన్ నివారణ మందుల జాబితాలో మెట్‌ఫార్మిన్, ఇన్సులిన్ ఉన్నాయి, ఎంపాగ్లిఫ్లోజిన్ లేదు. హై డిడక్టిబుల్ ప్లాన్ తీసుకునే ముందు ఆ జాబితా హెచ్‌ఆర్ దగ్గర అడిగి తీసుకోండి. ప్లాన్ కరపత్రంలో అది ఉండదు.

చిన్నవాడి ఇన్‌హేలర్ది మరో కథ. 2023 చివరితో ఫ్లోవెంట్ అనే బ్రాండు ఆగిపోయింది. అదే మందు బ్రాండు పేరు లేకుండా వచ్చింది గానీ మా ప్లాన్ దాన్ని తాను ఖర్చు భరించే మందుల జాబితాలో చేర్చలేదు. పిల్లవాడు అలవాటుపడిన మందు వదిలి వేరేది మొదలుపెట్టాల్సి వచ్చింది. ఒక మంచి మార్పు మాత్రం చెప్పాలి. 2024 నుంచి కొందరు ఇన్‌హేలర్ తయారీదారులు ప్రైవేటు బీమా ఉన్నవాళ్లకు కూడా నెలకు 35 డాలర్ల పరిమితి పెట్టారు. బిల్లు అంతకు మించితే ఆ మాట ఎత్తి అడగండి.

ఇప్పుడు నా మందు, అడాలిముమాబ్ అనే ఇంజెక్షన్. హ్యూమిరా పేరుతో వచ్చిన దీని జాబితా ధర నెలకు 6,900 డాలర్లు దాటింది. నాకు కీళ్లవాతం బయటపడినప్పుడు పొద్దున్నే వేళ్లు ముడుచుకునేవి కావు, జడ వేసుకోవడం కూడా కష్టమయ్యేది. అయినా ప్లాన్ ఈ ఇంజెక్షన్ వెంటనే ఇవ్వలేదు. ముందు మెథోట్రెక్సేట్ అనే మందు వాడి అది చాలలేదని చూపించాలి. దీన్ని స్టెప్ థెరపీ అంటారు. ఆ తర్వాత ప్రయర్ ఆథరైజేషన్, అంటే ప్లాన్ ముందస్తు అనుమతి: డాక్టరు రోగ నిర్ధారణ, రక్త పరీక్షలు, క్షయ లేదన్న నివేదిక, మునుపటి మందు ఎంతకాలం ఏ మోతాదులో వాడానన్న వివరం పంపాలి. మాకు మొదటిసారి తిరస్కరణ లేఖ వచ్చింది. కారణం ఒకే వాక్యం: మునుపటి చికిత్సకు తగిన ఆధారం లేదు. డాక్టరు పంపిన కాగితాల్లో మెథోట్రెక్సేట్ మొదలుపెట్టిన తేదీ లేదు, అంతే.

ఇలాంటి లేఖ వస్తే దిగాలుపడి వదిలేయకండి. అప్పీలుకు 180 రోజుల గడువు ఉంటుంది. అక్కడా కాదంటే, వైద్యపరమైన కారణంతో నిరాకరించినప్పుడు ప్లాన్‌తో సంబంధం లేని బయటి సమీక్షకు వెళ్లే హక్కు ఉంది. పరిస్థితి అత్యవసరమని డాక్టరు రాస్తే 72 గంటల్లో తేల్చాలి. నేను ఫార్మసీలో ప్రతిసారీ ఇచ్చిన రసీదులు తీసుకెళ్లి డాక్టరు కార్యాలయంలో ఆథరైజేషన్లు చూసే ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ తేదీలతో సహా మళ్లీ పంపారు, మంజూరైంది. ఈ పనిలో డాక్టరు కంటే ఆ ఉద్యోగి మనకు ముఖ్యం. ఆవిడ పేరు, నేరుగా దొరికే ఫోను నంబరు రాసి పెట్టుకోవాలి. మంజూరు సాధారణంగా ఏడాదికే ఉంటుంది కాబట్టి గడువు తీరే ముందు నెలలోనే గుర్తుచేస్తాను.

2023 జనవరి నుంచి ఈ మందుకు అమెరికాలో బయోసిమిలర్లు, అంటే వేరే కంపెనీలు చేసే దాదాపు అలాంటి మందులే, వచ్చాయి. కొన్నాళ్లకు మా ప్లాన్ అసలు బ్రాండును జాబితాలోంచి తీసేసి బయోసిమిలర్‌కు మారమని లేఖ పంపింది. భయపడుతూనే మారాను. నా విషయంలో నొప్పి గానీ వాపు గానీ పెరగలేదు, రక్త పరీక్షలు మునుపటిలాగే ఉన్నాయి. ఇంజెక్షన్ పెన్ను నొక్కే తీరు మాత్రం వేరు. మొదటిది నర్సు ముందు వేసుకోవడం మంచిది. కీళ్లవాతం ఉన్నవాళ్లకు ఇంకో మాట: పిల్లలు తెరవలేని మూతలు మనమూ తెరవలేం. మామూలు మూత కావాలని ఫార్మసీలో చెబితే వేసి ఇస్తారు.

ఇంత ఖరీదైన మందుకు మేము కట్టేది నెలకు 200 డాలర్లు. అసలు రక్షణ మాత్రం ఏడాది పరిమితిలో ఉంది. ప్లాన్‌తో ఒప్పందమున్న ఆసుపత్రుల నెట్‌వర్క్‌లో వైద్యానికి, ప్లాన్ ఒప్పుకున్న మందులకు కలిపి మనం కట్టేదానికి చట్టం పెట్టిన పరిమితి 2025లో ఒక మనిషికి 9,200 డాలర్లు, కుటుంబానికి 18,400 డాలర్లుగా ఉండేది. ఈ ఒక్క నియమం కోసమైనా ఈ బీమాకు మంచి మార్కులు వేస్తాను. మన వాటా తగ్గించేందుకు తయారీదారు ఇచ్చే కోపే కార్డు దగ్గర మాత్రం జాగ్రత్త. కార్డు చెల్లించిన సొమ్మును కొన్ని ప్లాన్లు మన డిడక్టిబుల్‌లో కలపవు. వసంతంలో కార్డు డబ్బు అయిపోయేసరికి మన డిడక్టిబుల్ ఇంకా అలాగే ఉంటుంది. కొన్ని రాష్ట్రాలు దీన్ని నిషేధించాయి. కానీ కంపెనీ తన సొమ్ముతోనే బిల్లులు కట్టే ప్లాన్లకు 1974 నాటి ఎరిసా చట్టం వల్ల ఆ రాష్ట్ర నిషేధాలు వర్తించవు. పెద్ద కంపెనీల ప్లాన్లు ఎక్కువగా ఇలాంటివే. మీది ఏ రకమో హెచ్‌ఆర్‌ను అడగండి.

మందుల జాబితాను, అంటే ఫార్ములరీని, నడిపేది చాలాచోట్ల డాక్టరూ కాదు, కార్డు మీద పేరున్న బీమా సంస్థ ఒక్కటే కూడా కాదు. పీబీఎంలు అనే మధ్యవర్తి సంస్థలు ఉంటాయి. 2023లో దేశంలోని ప్రిస్క్రిప్షన్లలో దాదాపు 80 శాతం మూడు అతిపెద్ద పీబీఎంల చేతుల మీదుగా వెళ్లాయని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024 జులై నివేదికలో చెప్పింది. వాటికి సొంత మెయిల్ ఫార్మసీలు, స్పెషాలిటీ ఫార్మసీలు ఉన్నాయి. నా ఇంజెక్షన్ వీధి చివరి ఫార్మసీలో ఎందుకు దొరకదో ఇది తెలిశాకే అర్థమైంది. మంచు డబ్బాలో పార్సిల్‌గా వస్తుంది, ఎవరో ఒకరు ఇంట్లో ఉండి సంతకం పెట్టి తీసుకోవాలి. సెలవుల వారాల్లో ఆలస్యమవుతుంది, వారం ముందే ఆర్డరు పెట్టండి.

ఏటా ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ (ప్లాన్ ఎంచుకునే గడువు) వచ్చినప్పుడు నేను చేసే పని ఇది. ఇంట్లోని ప్రతి మందు పేరు, మోతాదు, నెలకు ఎన్ని అన్నది కాగితం మీద రాస్తాను. రెండు ప్లాన్ల వచ్చే ఏడాది ఫార్ములరీలో ఒక్కొక్కటీ ఏ ధర తరగతిలో, అంటే ఏ టైర్‌లో ఉందో, ఆథరైజేషన్ గుర్తు పక్కన ఉందో లేదో చూస్తాను. ఈ ఏడాది జాబితా చూసి లాభం లేదు, జనవరి నుంచి మారుతుంది. పన్నెండు నెలల మందుల ఖర్చుకు ఏడాది కోత కలిపి, హెచ్‌ఎస్‌ఏలో కంపెనీ వేసే డబ్బు తీసేస్తాను. మా ఇంటికి ప్రతిసారీ పీపీఓనే గెలుస్తోంది. అవివాహితుడైన మా తమ్ముడికి హై డిడక్టిబుల్ ప్లానే నప్పింది.

ఉద్యోగం మారేవాళ్లకు, పోయినవాళ్లకు ఒక మాట. కవరేజీ చివరి పని దినంతో ఆగుతుందా, నెలాఖరు దాకా ఉంటుందా అన్నది ముందు కనుక్కోండి. ఆలోపు 90 రోజుల మందులకు రీఫిల్ తీసుకోండి. 20 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న కంపెనీ అయితే కోబ్రా చట్టం కింద అదే ప్లాన్‌ను 18 నెలల వరకు కొనసాగించవచ్చు, కానీ కంపెనీ వాటాతో సహా 102 శాతం దాకా మనమే కట్టాలి. కేఎఫ్‌ఎఫ్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థ 2024 సర్వే ప్రకారం కుటుంబ బీమా సగటు ప్రీమియం ఏడాదికి 25,572 డాలర్లు. అందులో ఉద్యోగి కట్టేది 6,296 మాత్రమే. కోబ్రా ఎంచుకోవడానికి 60 రోజుల వ్యవధి ఉంటుంది, ఎంచుకుంటే కవరేజీ పోయిన రోజు నుంచే లెక్కలోకి వస్తుంది. ఆ 60 రోజుల్లో కొత్త ఉద్యోగం దొరికి కొత్త కార్డు వస్తే సరే. ఈలోగా ఇంజెక్షన్ అవసరమైతే కోబ్రా ఫారం నింపి ప్రీమియం కట్టేయండి, ఆ తేదీకి కవరేజీ ఉన్నట్టే లెక్క. కొత్త ప్లాన్‌లో ప్రయర్ ఆథరైజేషన్ మొదటి నుంచి మొదలవుతుంది కాబట్టి పాత మంజూరు లేఖ, మందుల రసీదులు వెంట తీసుకెళ్లండి.